ఇల్లు చల్లబరిస్తే బీరు చల్లబడదు

టెక్సస్‌లో డాలస్ శివారున ఉంటున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. పొడుగాటి ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆయనకు భార్య, మూడేళ్ల పాప. కిందటి డిసెంబరులో ఒక ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన పాకం లేదా పొడి) కిట్ కొని ఇంట్లో బీరు చేయడం మొదలుపెట్టారు. చలికాలంలో చేసిన రెండు బ్యాచ్‌లు చక్కగా కుదిరాయి. ఏప్రిల్‌లో అదే అమెరికన్ పేల్ ఏల్ రకం బీరు కిట్‌తో, బీరును పులియబెట్టే అదే యూఎస్-05 ఈస్ట్‌తో మూడోది చేశారు. కుళాయిలో నీళ్లే గోరువెచ్చగా వస్తుండటంతో కాచిన వర్ట్ (ఇంకా పులియని తీపి ద్రవం) 85 ఫారెన్‌హీట్ (29 సెల్సియస్) దగ్గర ఆగిపోయింది. ఇక దిగదని ఈస్ట్ చల్లేసి, ఫెర్మెంటర్‌ను, అంటే బీరు పులిసే డ్రమ్మును, గెస్ట్ రూమ్ క్లోజెట్‌లో పెట్టారు. ఎనిమిది గంటలకే గ్యాస్‌ను బయటికి వదిలే ఎయిర్‌లాక్ గలగలా మోగింది. మర్నాడు సాయంత్రానికి అంతా సద్దుమణిగింది. సీసాలకెత్తి రెండు వారాల తర్వాత తాగితే అరటిపండు వాసన, దాని వెనకే గోళ్లరంగు తుడిచే మందు వాసన, గొంతులో మంట. మొత్తం సింకులో పోశారు.

నాలుగో బ్యాచ్‌కు జాగ్రత్తపడి ఇంటి థర్మోస్టాట్‌ను 77 ఫారెన్‌హీట్ (25 సెల్సియస్) నుంచి 68కి (20 సెల్సియస్) దించి వారం రోజులు అలాగే ఉంచారు. భార్య ఇంట్లో స్వెటర్ వేసుకు తిరిగారు, పాప రాత్రుళ్లు వణికింది, బిల్లు చూసి ఇద్దరికీ కళ్లు తిరిగాయి. ఇంతా చేస్తే అరటి వాసన తగ్గింది గానీ గొంతులో మంట పోలేదు. ‘ఆ డ్రమ్ము కోసం మేం చలికి చావాలా’ అని ఆవిడ అడుగుతున్నారు. ఇలా ఇంట్లో చేసింది విషమవుతుందేమోనన్న భయం కూడా ఆవిడకు ఉంది. జూన్‌లో తెనాలి నుంచి ఈయన అమ్మానాన్నలు వచ్చి నాలుగు నెలలు ఉంటారు. వాళ్లకిచ్చేది ఆ క్లోజెట్ ఉన్న గదే. అమ్మగారు దేవుడి పటాలు పెట్టుకునేదీ అక్కడే. బీరు సంగతి వాళ్లకు తెలియదు. ఒక మిత్రుడు ఫ్రీజర్ కొనమంటున్నాడు, ఇంకొకరు వేడిని తట్టుకునే క్వైక్ ఈస్ట్ వేసి గ్యారేజీలో వదిలేయమంటున్నారు. ఖర్చు రెండు వందల డాలర్లు దాటకూడదు. మానేయాలా, దారి ఏమైనా ఉందా, గ్యారేజీలో ఉన్న నాలుగో బ్యాచ్ సీసాలను ఏం చేయాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

ముందు మీ శ్రీమతి భయం సంగతి చూద్దాం, అది తేలితే మిగతాది మాట్లాడుకోవడం తేలిక. మన పత్రికల్లో కల్తీ సారా చావుల వార్తలు చదివి పెరిగినవాళ్లకు ఈ భయం సహజం. ఆ చావులకు కారణం సారాలో కలిపే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. బార్లీ మాల్ట్‌ను ఈస్ట్‌తో పులియబెడితే పుట్టే మిథనాల్ లెక్కలోకి రానంత తక్కువ. మీరు సారాలా బట్టీలో కాచి ఆవిరి పట్టడం లేదు, కాబట్టి అది ఒకచోట పోగయ్యే వీలూ లేదు. మీ బీరు చెడిన రుచి నిజమే గానీ అది విషం రుచి కాదు. చట్టం పరంగానూ మీకు ఇబ్బంది లేదు. అమెరికాలో 1978 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఇది చదివే ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు మాత్రం ఒక మాట: అక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం. కింద చెప్పేదంతా చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ల కోసమే.

ఇప్పుడు అసలు విషయం. మీరు రెండు బ్యాచ్‌లలోనూ కొలిచింది గది వేడిని. ఈస్ట్‌కు గదితో పనిలేదు, అది ఉండేది బీరులో. చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు ఈస్ట్ వేడి పుట్టిస్తుంది. 1.050 గ్రావిటీ (వర్ట్‌లో చక్కెర ఎంతుందో చెప్పే అంకె, మామూలు నీళ్లకు 1.000) ఉన్న ఒక బ్యాచ్, అంటే 19 లీటర్ల వర్ట్, పూర్తిగా పులిసేసరికి పుట్టే వేడి ఎటూ పోకుండా అందులోనే ఉండిపోతే మొత్తం బీరు సుమారు 11 సెల్సియస్ డిగ్రీలు పెరుగుతుంది. నిజానికి అందులో చాలా భాగం డ్రమ్ము గోడల్లోంచి బయటికి పోతుంది. కానీ జోరుగా పులిసే మొదటి రెండు రోజుల్లో పోయేదానికంటే పుట్టేదే ఎక్కువ. అందుకే గది కంటే బీరు 3 నుంచి 6 డిగ్రీలు వేడిగా ఉంటుంది. గోడ మీద థర్మోస్టాట్ 68 (20 సెల్సియస్) చూపిస్తుంటే మీ డ్రమ్ములో 24 ఉండి ఉంటుంది.

అంతకంటే పెద్ద పొరపాటు ఈస్ట్ చల్లిన వేళ జరిగింది. ఉత్తరం జాగ్రత్తగా చదివితే నాలుగో బ్యాచ్‌లో కూడా వర్ట్ 85 దగ్గర ఉన్నప్పుడే ఈస్ట్ వేసినట్టు అర్థమవుతోంది. 20 డిగ్రీల గాలిలో పెట్టిన 19 లీటర్ల ద్రవం 29 నుంచి 20కి దిగాలంటే ఒక రాత్రి చాలదు. ఆ లోపల ఈస్ట్ లేచి, పిల్లలు పెట్టి, సొంత వేడి మొదలుపెట్టేస్తుంది. పాడు రుచులు ఎక్కువగా పుట్టేది సరిగ్గా ఆ సమయంలోనే. ఈస్ట్ సంఖ్య పెంచుకునేటప్పుడు వర్ట్‌లోని అమైనో ఆమ్లాలను వాడుకుంటుంది. వేడి ఎక్కువైతే ఆ దారిలోనే ఫ్యూజెల్ ఆల్కహాల్స్ ఎక్కువగా తయారవుతాయి. గొంతులో మంట వాటిదే. అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్‌ది, గోళ్లరంగు మందు వాసన ఈథైల్ అసిటేట్‌ది. జర్మన్ గోధుమ బీరులో ఆ అరటి వాసనే కావాలని తెచ్చుకుంటారు. మీ పేల్ ఏల్‌లో దానికి చోటు లేదు.

మీ చలికాలపు బీర్లు ఎందుకు కుదిరాయో కూడా ఇందులోనే ఉంది. జనవరిలో కుళాయి నీళ్లు చల్లగా ఉండి వర్ట్ తేలిగ్గా దిగింది. అప్పుడూ ఇప్పుడూ కిట్ ఒకటే, ఈస్ట్ ఒకటే, చేతులు మీవే. తేడా అంతా నీళ్లది. కిట్‌లోని కాగితం మీద ‘రూమ్ టెంపరేచర్’ అని రాసినవాళ్లు టెక్సస్ వేసవిని తలచుకుని రాయలేదు.

కాబట్టి మీకు కావలసింది ఇల్లంతా చల్లబరచడం కాదు. 19 లీటర్లను, అదీ మొదటి మూడు నాలుగు రోజులు, అదుపులో పెట్టడం. ఇంత చిన్న పనికి రెండు వేల చదరపు అడుగుల ఇంటిని వణికించారు. మీ శ్రీమతి కోపం బీరు మీద అనుకుంటున్నారు, ఉత్తరంలో ఆవిడ అన్న మాటలు చూస్తే అది థర్మోస్టాట్ మీద. చలికాలం రెండు బ్యాచ్‌లకు ఆవిడ అభ్యంతరం చెప్పినట్టు మీరు ఎక్కడా రాయలేదు. థర్మోస్టాట్ మళ్లీ ముట్టుకోనని ఇవాళే చెప్పేయండి. కింద చెప్పే ఏ దారికీ దాని అవసరం లేదు.

ఏ దారి పట్టినా ముందు సరిచేయాల్సింది వర్ట్ చల్లార్చడం. మీది ఎక్స్‌ట్రాక్ట్ కిట్ కావడం ఇక్కడ వరం. 19 లీటర్లూ కాచనక్కర్లేదు. 10 లీటర్లు కాచండి. ముందు రోజే మరో 9 లీటర్ల నీళ్లు మరగకాచి, మూతపెట్టి చల్లార్చి, శుభ్రం చేసిన డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. సీల్ వేసిన మంచినీళ్ల క్యాన్‌లు కొన్నా సరే. కాచిన వర్ట్‌ను లోపల కుళాయి నీళ్లు పారే గొట్టపు చుట్టతో (కాయిల్) 35 సెల్సియస్‌కు దించండి, మీ నీళ్లతో అంతవరకు వస్తుంది. అందులో 4 డిగ్రీల దగ్గరున్న ఆ 9 లీటర్లు కలిపితే మొత్తం 20 దగ్గరికి వచ్చేస్తుంది. ఇంకా రెండు డిగ్రీలు దిగాలంటే ఫెర్మెంటర్‌కు మూతా ఎయిర్‌లాకూ బిగించి ఐసు నీళ్ల టబ్బులో కాసేపు ఉంచండి. బీరులోనే 18 చూశాక ఈస్ట్ చల్లండి. ఆలస్యమైతే బయటి సూక్ష్మజీవులు చేరతాయన్న భయం ఉంటుంది. డ్రమ్ము, మూత, గరిటె అన్నీ స్టార్ శాన్ అనే శానిటైజర్‌తో (19 లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు) తడిపి ఉంటే కొన్ని గంటల ఆలస్యానికి ఏమీ కాదు. వేడిగా ఉన్నప్పుడు తొందరపడి ఈస్ట్ వేయడం వల్ల జరిగే నష్టం దీనికంటే చాలా ఎక్కువ. కాయడం తక్కువ నీళ్లలో కాబట్టి హాప్స్ అనే పూల నుంచి వచ్చే చేదు కొద్దిగా తగ్గొచ్చు, రంగు ఒక చాయ ముదరొచ్చు. ఎక్స్‌ట్రాక్ట్‌లో సగాన్ని కాచడం ముగిసే పది నిమిషాల ముందు కలిపితే రెండూ చాలావరకు సర్దుకుంటాయి.

ఇక దారులు.

అన్నిటికంటే తేలికైనది, అక్టోబరు దాకా ఆపేయడం. దీన్ని ఓటమి అనుకోనక్కర్లేదు. ఏసీలూ ఫ్రిజ్‌లూ రాకముందు యూరప్‌లో చాలాచోట్ల వేసవిలో బీరు కాచడం ఆపేసేవాళ్లు. బవేరియాలో అయితే 1553 నాటి శాసనం సెప్టెంబరు చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా మాత్రమే కాయనిచ్చింది. పైసా ఖర్చు లేదు, అమ్మానాన్నలున్న నాలుగు నెలలూ ప్రశాంతంగా గడుస్తాయి. కానీ మీ సమస్య పరిష్కారం కాదు, వాయిదా పడుతుంది. వచ్చే ఏప్రిల్‌కు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

రెండోది నీళ్ల టబ్బు. ఫెర్మెంటర్‌ను పెద్ద టబ్బులో నిలబెట్టి, లోపలి బీరు ఎత్తుకు సగం పైదాకా నీళ్లు పోసి, ఐసు కట్టిన సీసాలు వేస్తూ ఉండటం. పాతిక లీటర్ల నీళ్లు, 19 లీటర్ల బీరు కలిసిన ఈ మొత్తంలో లీటరు ఐసు సీసా ఒకటి వేస్తే ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు కాస్త పైగా దిగుతుంది. ఒక్కసారిగా ఎగుడుదిగుడులు రావు, నీళ్ల బరువే అదుపు చేస్తుంది. పైన కనబడే భాగానికి తడి టీషర్టు తొడిగి, అంచులు నీళ్లలో మునిగేలా వదిలి, చిన్న ఫ్యాన్ పెడితే ఇంకో మూడు డిగ్రీల సాయం. వేసవిలో మంచినీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టేది ఇందుకే. ఏసీ ఉన్న ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ నిండిన హ్యూస్టన్ గ్యారేజీలో దీనివల్ల దక్కేది అంతంతమాత్రం.

దీన్ని సిఫారసు చేసేవాళ్లు సాధారణంగా చెప్పని లెక్క ఒకటుంది. మీ ఇల్లు 77 దగ్గర ఉంటుంది. తెరిచి ఉన్న టబ్బును ఆ గదిలో 18 సెల్సియస్ దగ్గర నిలబెట్టాలంటే రోజుకు ఏడెనిమిది లీటరు సీసాలు కావాలి. గడ్డకడుతున్నవీ వాడుతున్నవీ కలిపి పదిహేను సీసాలు. మీ ఇంటి ఫ్రీజర్‌లో అంత చోటు ఉందా? ఉన్నా, అవి ఒక్క రోజులో గడ్డకడతాయా? ఇందుకే టబ్బు బదులు పెద్ద ఐస్ చెస్ట్ వాడండి, లేదా టబ్బు చుట్టూ పాత దుప్పటి కట్టి పైన కప్పండి. అవసరం సగానికి పైగా తగ్గుతుంది. కప్పితే తడి టీషర్టు పని చేయదు, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఖర్చు ఇరవై ముప్పై డాలర్లు. నాలుగు రోజులు పొద్దునా, సాయంత్రం, పడుకోబోయే ముందు సీసాలు మార్చాలి. రాత్రి రెండు డిగ్రీలు పెరిగితే కంగారుపడి ఒకేసారి నాలుగు సీసాలు పడేయకండి. ఈస్ట్ చలికి ముడుచుకుని అడుగున చేరిపోతే బీరు సగంలో ఆగిపోతుంది. మీ ఫెర్మెంటర్ గాజుదైతే ఈ పద్ధతి జోలికే పోవద్దు. తడిసిన గాజు కార్బాయ్ (పెద్ద సీసా) చేతిలోంచి జారుతుంది, వేడి వర్ట్‌తో ఉన్నది ఐసు నీళ్లకు పగులుతుంది. ప్లాస్టిక్ బకెట్ వాడండి.

మూడోది ఫ్రీజర్, కంట్రోలర్. నా మాట అడిగితే, మీ బడ్జెట్‌లో మీకు ఎక్కువ మేలు చేసేది ఇదే, అయితే దీనికి దాని తంటాలు దానికున్నాయి. వాడిన చెస్ట్ ఫ్రీజర్ 5 నుంచి 7 ఘనపుటడుగులది చాలు. వెతికితే వంద డాలర్లకు అటూఇటూగా దొరుకుతుంది. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటి కంట్రోలర్ నలభై డాలర్ల దగ్గర వస్తుంది. ఫ్రీజర్ ప్లగ్గును కంట్రోలర్‌లో పెడతారు, కంట్రోలర్ గోడ ప్లగ్గులోకి వెళుతుంది. బీరు వేడెక్కగానే ఫ్రీజర్ ఆన్ అవుతుంది, చల్లబడగానే ఆగుతుంది. ఫ్రీజర్‌కు ఏ మార్పూ చేయనక్కర్లేదు, వైరు కోయనక్కర్లేదు.

కొనడానికి వెళ్లే ముందు ఫెర్మెంటర్ అడుగు వెడల్పుకు అట్టముక్క కత్తిరించుకోండి, ఎయిర్‌లాక్‌తో సహా ఎత్తు కొలుచుకోండి. చెస్ట్ ఫ్రీజర్ లోపల ఒక పక్క కంప్రెసర్ మీద మెట్టులా ఎత్తు ఉంటుంది, చాలామంది లెక్క అక్కడే తప్పుతుంది. మెట్టు మీద పెడితే మూత పడదు, కింద పెడితే పక్కకు పట్టదు. నిండిన డ్రమ్ము బరువు పాతిక కిలోలకు తగ్గదు. నడుము నొప్పి ఉంటే నిలువు ఫ్రిజ్ చూడండి. చిన్న మినీ ఫ్రిజ్ మాత్రం వద్దు. డ్రమ్ము పట్టడానికి లోపలి ఫ్రీజర్ పలకను వంచబోయి గ్యాస్ గొట్టం చీల్చుకునేవాళ్లు తరచు కనబడతారు.

కంట్రోలర్ సెన్సర్‌ను ఫ్రీజర్ గాలిలో వేలాడదీయొద్దు. గాలి నిమిషాల్లో చల్లబడుతుంది, బీరుకు గంటలు పడుతుంది. కంప్రెసర్ అస్తమానం ఆగి మొదలవుతూ పాడవుతుంది, బీరు మాత్రం వేడిగానే ఉంటుంది. సెన్సర్‌ను డ్రమ్ము పక్కకు, బీరు మట్టానికి సగం ఎత్తులో ఆనించి, పైన రెండు మడతల బబుల్ ర్యాప్ లేదా స్పాంజి ముక్క పెట్టి, టేపుతో గట్టిగా బిగించండి. అలా పెడితే అది చూపించేది బీరు వేడికి చాలా దగ్గరగా ఉంటుంది. లక్ష్యం 18, తేడా 0.5 నుంచి 1 డిగ్రీ, కంప్రెసర్ ఆలస్యం 5 నిమిషాలు పెట్టండి. సెన్సర్ ఊడి వేడి గ్యారేజీ వైపు పడితే ఫ్రీజర్ ఆగకుండా నడిచి బీరును గడ్డకట్టిస్తుంది. వేడి ఎక్కువైతే మోగే పై అలారం పెట్టుకుంటే ఆ గండం తెలుస్తుంది. టెక్సస్ గ్యారేజీ ప్లగ్గులు జీఎఫ్‌సీఐవి (కరెంటు లీకైతే ఆగిపోయే రకం) అయి ఉంటాయి, కంప్రెసర్ మొదలైనప్పుడు అప్పుడప్పుడు ట్రిప్ అవుతాయి. మీరు ఊళ్లో లేనప్పుడు అలా జరిగితే బీరు ఉడికిపోతుంది. మొదటి నాలుగు రోజులు రోజుకోసారి చూడండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలు వాడకండి. లోపల చెమ్మ పడుతుంది, కాల్షియం క్లోరైడ్ డబ్బా ఒకటి పెడితే బూజు రాదు. కరెంటు రోజుకు ఒక యూనిట్‌కు అటూఇటూగా అవుతుంది. ఇల్లంతా 68కి దించినప్పుడు మీకు అయినదానితో పోలిస్తే ఇది అసలు ఖర్చే కాదు.

పాప ఉంది కాబట్టి రెండు జాగ్రత్తలు. తాళం ఉన్న ఫ్రీజరే కొనండి, తాళంచెవి పైన పెట్టండి. చెస్ట్ ఫ్రీజర్‌లో పిల్లలు దిగి మూతపడితే ఊపిరాడదు. రెండోది మీకు: ఒక్క బ్యాచ్ పులిసేసరికి నాలుగు వందల లీటర్ల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది, గాలికంటే బరువైనది కావడంతో ఫ్రీజర్ అడుగున నిలుస్తుంది. మూత తీయగానే తల లోపలికి పెట్టి వాసన చూడకండి.

నాలుగోది క్వైక్. మీ రెండో మిత్రుడి మాట తీసిపారేయదగ్గది కాదు. నార్వే పశ్చిమాన వోస్ ప్రాంతపు రైతులు తరాలుగా కాపాడుకున్న ఈస్ట్ ఇది. పొడి రూపంలో దొరికే వోస్ క్వైక్‌కు 25 నుంచి 40 సెల్సియస్ దాకా పరవాలేదు, 35 పైన ఇంకా ఉషారు. మీకు తలనొప్పి తెచ్చిన ఆ 85 ఫారెన్‌హీట్ వర్ట్ దీనికి చల్లన అనిపిస్తుంది. ఒక ప్యాకెట్ చల్లి గ్యారేజీలో పెడితే మూడు నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. ఎక్స్‌ట్రాక్ట్ వర్ట్ కాబట్టి అర టీస్పూన్ ఈస్ట్ న్యూట్రియంట్ వేయండి, తిండి తక్కువైతే ఈ ఈస్ట్ మొరాయిస్తుంది. జూన్‌లో మీ గ్యారేజీ దీనికి సరిపోతుంది. జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో గ్యారేజీ వేడి 40 దాటవచ్చు, దాని మీద పులిసే వేడి ఒకటి. డ్రమ్మును నీళ్ల టబ్బులో నిలబెడితే పగటికీ రాత్రికీ తేడా తగ్గుతుంది. నాలుగో రోజున ఇంట్లోకి తెచ్చేయండి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. అయితే కమలా తొక్క వాసన వస్తుంది. అమెరికన్ హాప్స్‌తో అది బాగానే కలుస్తుంది గానీ, మీ చలికాలపు బీరు రుచి ఇదే అని తాగితే నిరాశపడతారు. ఎప్పుడూ ఒకే తరహా బీరుకు కట్టుబడాల్సి వస్తుంది.

వేడికి తట్టుకునే సెజాన్ (ఒక బెల్జియం తరహా బీరు) ఈస్ట్‌లు కూడా ఉన్నాయి. బెల్ సెజాన్ లాంటివి ఇతర ఈస్ట్‌లు తినలేని చక్కెరలను కూడా నెమ్మదిగా తినేస్తాయి. ఆ డ్రమ్మూ గొట్టాలూ సరిగ్గా శుభ్రం కాకపోతే తర్వాతి బ్యాచ్ సీసాల్లో చేరి పేలుస్తాయి. మీ దశలో వద్దు. ప్రెజర్‌లో పులియబెట్టడం గురించి కూడా వింటారు. దానికి వేరే పాత్ర, వాల్వ్ కావాలి, మీ రెండు వందలు దాటిపోతుంది.

ఫ్రీజర్ దారి పడితే యూఎస్-05తో నడక ఇలా ఉంటుంది. 17, 18 మధ్య ఈస్ట్ వేయడం, మూడు నాలుగు రోజులు 18, 19 దగ్గర నిలపడం. గ్రావిటీ 1.050 నుంచి 1.022 చుట్టుపక్కలకు వచ్చాక పాడు రుచుల భయం దాటింది. అప్పుడు కంట్రోలర్‌ను 21కి పెంచండి. ఇది తప్పనిసరి. చివర్లో ఈస్ట్‌కు కాస్త వెచ్చదనం ఇస్తే వెన్న వాసన తెచ్చే డయాసిటైల్‌నూ, పచ్చి యాపిల్ వాసన తెచ్చే అసిటాల్డిహైడ్‌నూ తనే తినేస్తుంది. వేసవిలో దెబ్బతిన్నవాళ్లు భయపడి మొదటి నుంచి చివరి దాకా 16 దగ్గర బిగించి, ఈ వాసనలతో మళ్లీ చెడగొట్టుకుంటారు. పది పన్నెండు రోజులకు 1.010, 1.012 మధ్య వచ్చి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా అంకె మారకపోతే పులవడం అయిపోయినట్టు. గ్రావిటీ కొలిచే మీ హైడ్రోమీటర్ పగిలిపోయిందని, మళ్లీ కొనలేదని రాశారు. మిగతా ఏది కొన్నా కొనకపోయినా ముందు అది కొనండి, పది డాలర్లు. బుడగలు ఆగిపోవడం గుర్తు కాదు. తర్వాత రెండు రోజులు 3 డిగ్రీలకు దించితే మడ్డి పేరుకుంటుంది. చల్లబడేటప్పుడు ఎయిర్‌లాక్‌లోని ద్రవం లోపలికి పీల్చుకుపోతుంది కాబట్టి దాన్ని తీసి, శానిటైజర్‌తో తడిపిన రేకు మూతపెట్టండి. సీసాల్లో గ్యాస్ పట్టడానికి 19 లీటర్లకు 120 గ్రాముల డెక్స్‌ట్రోజ్ చక్కెర. సీసాలు మీ 77 డిగ్రీల ఇంట్లోనే రెండు వారాలుంటే సరిపోతుంది, దానికి చల్లదనం అక్కర్లేదు.

అమ్మగారి విషయం. మీ ముందు మూడు మార్గాలున్నాయి. దాచడం ఒకటి. పులిసే బీరు వాసన దాగదు. దేవుడి పటాల పక్క క్లోజెట్‌లోంచి వస్తే అసలే దాగదు. అది బయటపడిన రోజు అమ్మగారు అడిగేది మిమ్మల్ని కాదు, కోడల్ని. ఆ మాట పడేది మీ శ్రీమతి. ఆవిడ పైకి చెప్పని అభ్యంతరం ఇదే కావచ్చు, అడిగి చూడండి. రెండోది, వాళ్లు ఉన్నన్నాళ్లు ఆపడం. మూడోది, డ్రమ్మును గ్యారేజీకి మార్చి, వాళ్లు రాకముందే ఫోనులో మీరే నాన్నగారికి చెప్పేయడం. ఒకటి రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. కనిపెట్టాక వచ్చే గొడవకంటే అది చిన్నది. చెప్పినా వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆ నాలుగు నెలలు ఆపాలా, ఇది మా ఇల్లని నిలబడాలా అన్నది మీరిద్దరూ కలిసి తేల్చుకోవాలి. మీరొక్కరే తేల్చి ఆవిడకు చెబితే థర్మోస్టాట్ గొడవ మళ్లీ వస్తుంది. ఏది ఎంచుకున్నా ఆ గది క్లోజెట్ మాత్రం ఇప్పుడే ఖాళీ చేయండి.

చివరగా మీ నాలుగో బ్యాచ్ సీసాలు. మొదట వాటిని గ్యారేజీలోంచి ఇంట్లోకి తీసుకురండి, ఇవాళే. హైడ్రోమీటర్ లేకుండా వారానికే సీసాలకెత్తారు, లోపల చక్కెర మిగిలి ఉంటే గ్యారేజీ వేడిలో పీడనం పెరిగి పేలతాయి. మోసేటప్పుడు మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు వేసుకోండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పాపకు అందని చోట ఉంచండి. ఒక సీసాను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, సింకులో నిలబెట్టి, తువ్వాలు కప్పి తెరవండి. నురగ కట్టలు తెంచుకుంటే మిగతావన్నీ ఫ్రిజ్‌లోకి చేర్చి, ఒక్కొక్కటిగా అలాగే మూత తీసి పారబోయండి. నురగ మామూలుగా ఉంటే రుచి చూడండి. పచ్చి యాపిల్ వాసనైతే మూడు నాలుగు వారాల్లో తగ్గే వీలుంది. పండ్ల వాసన కూడా కాలం గడిచేకొద్దీ కాస్త మెత్తబడుతుంది. గొంతులో మంట మాత్రం ఫ్యూజెల్స్‌ది, అది నెలలు ఆగినా పోదు. మీరు రాసినదాన్ని బట్టి ఇందులో ఆ మంటే ఎక్కువ. రెండు వారాల తర్వాత ఇంకొక సీసా తెరవండి, అదే రుచి ఉంటే చోటు ఖాళీ చేసుకోండి. ఖాళీ సీసాలు వెంటనే కడిగి బోర్లించండి, మడ్డి ఎండితే బ్రష్షుకు కూడా రాదు.